అరిచే సగం, నున్నటి సగం

ఏలూరు తంగెళ్ళమూడిలో రాజకుమారి గీసిన బొమ్మ గురించి ఒక మాట ప్రచారంలో ఉంది. అందులో సగమే ఆవిడ గీసిందట. మిగతా సగం సైతాను గీశాడట.

పక్కింటి కాంతం కుళాయి దగ్గర బిందె నిండేలోగా ఈ కథంతా చెప్పగలదు. రాజకుమారి నున్నటి సగం పూర్తిచేసి, పెన్సిలు పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగడానికి లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చి చూస్తే అరిచే సగం తయారుగా ఉంది. గదిలో ఎవరూ లేరు. ముక్కాలిపీట మాత్రం వెచ్చగా ఉంది.

"పీట వెచ్చగా ఉందని నీకెలా తెలుసే?" అని ఎవరైనా అడిగితే, "మరి కూర్చునే కదా గీశాడు" అంటుంది కాంతం.

తాడేపల్లిగూడెంలో ఇదే కథలో సైతాను మోటారు సైకిలు మీద వస్తాడు, హెల్మెట్టు తియ్యడు. చింతలపూడి వైపు పామాయిల్ తోటల్లో అయితే, గెలలు కోసే కత్తితోనే గీశాడంటారు. కామవరపుకోటలో ఇంకొంచెం ముందుకెళ్ళి, అసలు ఆ పని ఒప్పుకున్నదే సైతాను అనీ, తీరిక లేక సగం రాజకుమారి చేత చేయించుకున్నాడనీ చెబుతారు.

బొమ్మ చూసినవాళ్ళు ఈ మాట ఎందుకు నమ్ముతారంటే, అది అలాగే ఉంటుంది. ఒక పాటల సీడీ అట్ట అది. అట్ట నిండా ఒక మగమనిషి మొహం. కుడివైపు నున్నగా, నిదానంగా, ఎవరో మంచి మాట చెబుతుంటే వింటున్నట్టు ఉంటుంది. ఎడమవైపు నోరు చెవిదాకా లాక్కుపోయి, కన్ను ముడుచుకుపోయి, చెంప మీద మడత మీద మడత పడి, ఆ అరుపు చూసేవాళ్ళకి వినపడుతున్నట్టే ఉంటుంది. రాజకుమారిని ఎరిగినవాళ్ళెవరూ ఆ ఎడమవైపు ఆవిడ గీసిందంటే ఒప్పుకోరు. ఎందుకు ఒప్పుకోరో తెలియాలంటే ముందు ఆవిడ పని సంగతి చెప్పాలి.

రాజకుమారి ఏడో తరగతితో బడి మానేసింది. పదమూడో ఏట విశ్వాసం మాస్టారి గదిలో పనికి కుదిరింది. మాస్టారు తివాచీలకి డిజైన్లు గీసేవారు. ఆ పనికి గళ్ళ కాగితం వాడతారు. ఒక్కో గడికి ఒక్కో ముడి. నేసేవాళ్ళు ఆ కాగితాన్ని మగ్గం ముందు కట్టుకుని, గడి గడీ చూసుకుంటూ ఊలు ముడి వేస్తారు. ఎంత పెద్ద తివాచీ అయినా కాగితం మీద మొత్తం గీయరు. కుడివైపు పై మూల, అంటే పావు భాగం గీసి ఆపేస్తారు. నేసేవాళ్ళు దాన్నే అటు తిప్పుకుని ఎడమవైపు, కిందికి తిప్పుకుని అడుగుభాగం నేసేస్తారు. ఇంకో కట్టుబాటు ఏమిటంటే, ఏ గడీ ఖాళీగా ఉండకూడదు. పువ్వుకీ పువ్వుకీ మధ్య చోటు మిగిలితే ఆకు వేస్తారు. ఆకుకీ ఆకుకీ మధ్య మిగిలితే ఇంకో చిన్న ఆకు.

ఇరవై ఒక్క ఏళ్ళు రాజకుమారి ఈ పనే చేసింది. ఎన్ని వేల పావులు గీసిందో ఆవిడకే తెలీదు. నడిమి గీత దగ్గరికి రాగానే చెయ్యి దానంతట అదే ఆగిపోయేది. ఎదురింటి పాప పిల్లి బొమ్మ గీసిమ్మంటే ఒక చెవి, ఒక కన్ను, ముక్కులో సగం గీసి ఇచ్చింది. "తోకేదీ అత్తా?" అంటే, "అది కింద వస్తుందమ్మా, తిప్పుకో" అంది. క్రిస్మస్‌కి చర్చి గోడ మీద దేవదూతని గీయమన్నారు. ఒక రెక్క గీసి నిచ్చెన దిగేసింది. పాస్టరు గారు రెండో రెక్క కోసం ఈస్టరు దాకా చూసి, ఆ చోట క్యాలెండరు తగిలించుకున్నారు. పెళ్ళిచూపులకి వచ్చిన అబ్బాయిని కూడా కుడివైపే చూసి బాగున్నాడందని కాంతం అంటుంది గానీ, ఆ సంబంధం తప్పిపోయింది వేరే కారణానికి.

రాజకుమారి మాటకారి కాదు. కొత్తవాళ్ళు వస్తే మొహం చూడదు, చెప్పులు చూసి మాట్లాడుతుంది. ఆవిడ మనసులో ఒక కోరిక ఉందని ఎవరికీ తెలీదు. పనిలో చేరిన మొదటి నెలలో నడిమి గీత దాటి అటువైపు మూడు రేకులు గీసింది. కుడివైపు రేకులు పైకి చూస్తుంటే ఎడమవైపువి వాడి వాలినట్టు గీసింది. విశ్వాసం మాస్టారు కోప్పడలేదు. రబ్బరు తీసి మూడింటినీ చెరిపేశారు.

"అటు మన పని కాదమ్మా. అటు మనం గీసేస్తే నేసేవాళ్ళకి మన మీద నమ్మకం పోతుంది" అన్నారు.

అప్పట్నుంచీ గీతకి అటువైపు ఏముంటుందా అన్న ధ్యాస ఆవిడని వదల్లేదు. అటూ ఇటూ ఒకలా లేని బొమ్మ ఒక్కటైనా తన చేత్తో మొత్తం గీయాలి. అంతే ఆవిడ కోరిక. దానికి ఎక్కువ రోజులు కూడా మిగల్లేదు. తివాచీలు పై దేశాలకి పంపే ఆసామీ ఆఫీసులోకి కంప్యూటరు వచ్చింది. మాస్టారి గదికి వచ్చే పని నెలకి రెండు కాగితాలకి పడిపోయింది. మాస్టారు పగలంతా మూలన కూర్చుని పాత డిజైన్లకి దుమ్ము దులుపుతుండేవారు.

2006 వానాకాలంలో ఒకరోజు ఆనంద్ పాల్ వచ్చాడు. వాళ్ళ చర్చిలో డ్రమ్ములు వాయించే కుర్రాడు, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వెంట జుట్టు భుజాల దాకా పెంచిన ఇంకో కుర్రాడు.

"అక్కా, వీడు చరణ్‌తేజ. మా బ్యాండులో పాడతాడు."

రాజకుమారి చరణ్‌తేజ బూట్ల వైపు చూసి కూర్చోమంది.

"పెళ్ళి బ్యాండా అండీ?" అని మూలనుంచి మాస్టారు అడిగారు.

"కాదండీ, రాక్ బ్యాండండీ" అన్నాడు చరణ్‌తేజ.

"అంటే పెళ్ళిళ్ళకి రారా?"

"పిలిస్తే వస్తామండీ. ఇంతవరకూ ఎవరూ పిలవలేదు."

బ్యాండు పేరు బ్లాక్ కెనాల్. ఏడు పాటలు కట్టారు, హైదరాబాదులో సీడీ చేయిస్తున్నారు. దానికి అట్ట బొమ్మ కావాలి. ముందు ఫ్లెక్సుల షాపుకే వెళ్ళారట. అతను నలుగురి ఫొటోలూ నాలుగు గుండ్రాల్లో పెట్టి, చుట్టూ గులాబీలు పోసి, పైన రెండు పావురాలు వేసి, కింద శుభాకాంక్షలతో అని కొట్టాడట.

"తీసెయ్యండి బాబూ అంటే పావురాలు తీసి సింహాన్ని పెట్టాడండీ" అన్నాడు చరణ్‌తేజ.

వాళ్ళకి కావలసింది ఒక మనిషి మొహం. అరుస్తూ ఉండాలి. చరణ్‌తేజ మేనమామ సత్తిరాజు గారికి కొల్లేట్లో చేపల చెరువులుండేవి. ఆ వేసవిలో సర్కారు వాళ్ళు అది పక్షులకి కేటాయించిన చోటని సరస్సులో ఉన్న చెరువులన్నిటికీ గట్లు పేల్చేసినప్పుడు వాటిలో ఆయనవీ పోయాయి. ఏడు పాటలూ దాని గురించే. సీడీ పేరు 'గట్టు తెగింది'.

రాజకుమారి అంతా విని, గళ్ళ కాగితం ముందుకి లాక్కుని, "పొడవు, వెడల్పు చెప్పండి" అంది.

"ఇటు అయిదు, అటు అయిదు."

"అడుగులా అండీ?"

"అంగుళాలండీ."

"కాళ్ళు తుడుచుకోడానికైనా చాలదండీ" అన్నారు మాస్టారు, వాళ్ళ మీద జాలిపడుతూ.

"అంగుళానికి ముడులెన్నండీ?" అని రాజకుమారి అడిగింది.

ఆనంద్ పాల్ నవ్వు ఆపుకోడానికి కిటికీలోంచి బయటికి చూశాడు. చరణ్‌తేజ మాత్రం నిజంగానే ఆలోచించి, "మీరెన్ని వేస్తే అన్నండీ" అన్నాడు.

నాలుగు రోజుల్లో పని పూర్తిచేసి ఇచ్చింది. ఆనంద్ పాల్ కాగితం చుట్ట విప్పి చూస్తే ఒక కన్ను, ఒక కనుబొమ్మ, సగం నుదురు, సగం ముక్కు ఉన్నాయి. నుదుటి మీద ఖాళీ లేకుండా ఆకులు.

"మిగతాది ఏదక్కా?"

"అది మీవాళ్ళు తిప్పుకుంటారు కదా" అంది రాజకుమారి.

పాపం వాళ్ళు తిప్పుకున్నారు. కంప్యూటరులో అటు తిప్పి, కిందికి తిప్పి, నాలుగు ముక్కలూ అతికించారు. నాలుగు కళ్ళు, రెండు నుదుళ్ళు, మధ్యలో ముక్కుకి ముక్కు ఆనుకుని ఒక ఆకారం తేలింది. నోరు ఎక్కడా లేదు. పాటల సీడీకి నోరు లేని మనిషి ఎలా అని వాళ్ళలో వాళ్ళే తర్జనభర్జన పడ్డారు. చివరికి చరణ్‌తేజ ఒక్కడే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడమ్ గారూ, మాకు మొత్తం కావాలండీ. అటూ ఇటూ మీరే గీయాలి. అటొకలా, ఇటొకలా ఉన్నా పర్లేదండీ. మనిషి కదండీ."

రాజకుమారి తల ఎత్తి అతని మొహం చూసింది. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట అన్నవాడు అతనొక్కడే.

"ఎప్పటికి కావాలి?"

"ఇంకా మూడు వారాలుందండీ. అప్పటికి కాకపోతే ఏంలేదండీ, సింహాన్నే పెట్టేస్తాం."

ఆ రోజే మొదలుపెట్టింది. కుడివైపు గీసి, గీత దాటి, ఎడమవైపు గీసింది. అచ్చం కుడివైపులాగే వచ్చింది. రెండోసారి గీసింది. మళ్ళీ అంతే. మూడోసారి కళ్ళు మూసుకుని గీస్తే, గడి తప్పకుండా అదే మొహం వచ్చింది.

"ముచ్చటగా ఉందక్కా, దిండు గలీబు మీద కుట్టుకోవచ్చు" అన్నాడు ఆనంద్ పాల్.

"అరుస్తున్నట్టు లేదా?"

"ఆవలిస్తున్నట్టుందక్కా."

పాటలు వింటే ఏమన్నా తోస్తుందేమోనని అతనే ఒక శనివారం ఆవిడని గూడెం తీసుకెళ్ళాడు. చరణ్‌తేజ నాన్నగారిది ఉల్లిపాయల వ్యాపారం. బ్యాండు ఆయన గోడౌనులోనే సాధన చేస్తుంది. రాజకుమారి బస్తాల మధ్య స్టూలు మీద కూర్చుంది. పాట మొదలైంది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, పాడుతున్న చరణ్‌తేజ కళ్ళమ్మట ధారగా నీళ్ళు. గిటారు వాయించే నిరంజన్ ముక్కు చీదుకుంటూ వాయిస్తున్నాడు. ఆనంద్ పాల్ డ్రమ్ము కొట్టి, మోచేత్తో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ కొడుతున్నాడు. మేనమామ మీద ఇంత ప్రేమ ఉన్న కుర్రాళ్ళని చూసి రాజకుమారికీ కళ్ళు చెమర్చాయి. గుమ్మంలో నిలబడ్డ హమాలీలు కూడా ఏడుస్తున్నారు. కొత్త ఉల్లి దిగిన రోజని బస్సెక్కాక ఆనంద్ పాల్ చెప్పాడు.

ఆ ఆదివారం నుంచి ఆవిడ మొహాలు చూడటం మొదలుపెట్టింది. చెప్పులు వదిలేసి మొహాల్ని పట్టుకుంది. చర్చిలో అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఈవిడ కళ్ళు తెరుచుకుని ఒక్కొక్కరినే చూసేది. మాస్టారి ఎడమ చెవి కుడి చెవి కంటే పెద్దది. కాంతం నవ్వితే ఒకవైపు పెదవే లేస్తుంది. పాస్టరు గారి కనుబొమ్మలు ఒకే ఎత్తున లేవు. అటూ ఇటూ ఒకలా ఉన్న మొహం చర్చి మొత్తం మీద ఒక్కటీ లేదు. ఇన్నేళ్ళూ ఈ సంగతి తనకి తెలీనందుకు ఆవిడకి సిగ్గేసింది. కాంతం మాత్రం ఇంటికెళ్ళి గుమ్మానికి నిమ్మకాయ కట్టుకుంది.

"అది నన్ను చూడలేదే, నాలో ఎడమవైపు చూసింది" అని వీధంతా చెప్పింది.

మొహాలు దొరికాయి గానీ అరిచే మొహం దొరకలేదు. తంగెళ్ళమూడిలో అరిచేవాళ్ళు లేక కాదు. ఈవిడ కాగితం తీసుకుని చూస్తుంటే ఎవరూ అరవరు, జుట్టు సర్దుకుంటారు. ఆఖరికి చరణ్‌తేజే, "మా మావయ్య దగ్గరికే వెళ్ళండి. చెరువులు ఆయనవే కదా, అరిస్తే ఆయనే అరవాలి" అన్నాడు.

సత్తిరాజు గారి ఊరు ఉండి అనే ఊరికి ఇవతల. కొల్లేట్లో చెరువులు పోగా, ఊళ్ళో సొంత పొలంలో తవ్విన చిన్న చెరువు ఒకటి ఆయనకి మిగిలింది. రాజకుమారి, ఆనంద్ పాల్ బస్సు దిగి వెళ్ళేసరికి ఆయన చెరువు గట్టు మీద పాక ముందు ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడి ఉన్నారు. భార్య వెంకటనరసమ్మ గారు కుర్చీలు వేశారు.

"నమస్కారమండీ. మా చరణ్ చెప్పాడండీ. అరవాలట కదండీ" అన్నారు సత్తిరాజు గారు.

అప్పుడు చూసింది రాజకుమారి. ఆయన మొహంలో ఒకవైపే కదులుతోంది. గట్లు పేల్చిన వారంలోనే ఒక పొద్దున లేచేసరికి మొహం ఒకవైపు ఆగిపోయిందట. వాతం అన్నారు డాక్టర్లు. ఆ వైపు ముడత లేదు, మడత లేదు. కదలని చెంప వైపు నుంచి చూస్తే ఆయన పదేళ్ళు చిన్నవాడిలా ఉన్నారు.

"ఏమని అరవమంటారండీ?"

"మీ ఇష్టమండీ" అంది రాజకుమారి, కాగితం ఒళ్ళో పెట్టుకుని.

సత్తిరాజు గారు గొంతు సవరించుకుని, ఆసుపత్రిలో గొంతు చూపించేవాడిలా, "ఆ" అన్నారు. ఆగి, "చాలా అండీ?" అని అడిగారు.

"ఇంకొంచెం అండీ."

"ఆ అండీ" అన్నారు ఆయన.

వెంకటనరసమ్మ గారు టీ గ్లాసులు పట్టుకొచ్చారు. "ఈయన నా మీదే ఎప్పుడూ అరిచి ఎరగరమ్మా. ఇరవై ఎనిమిదేళ్ళయింది. కూరలో ఉప్పు ఎక్కువైతే నీళ్ళు పోసుకుని తింటారు. ఇప్పుడు నీ కోసం ఎక్కడ అరుస్తారు? ఉండు, మూడింటికి వాళ్ళు వస్తారు. అప్పుడు చూద్దువుగాని."

"ఎవరండీ?"

"వస్తారుగా" అన్నారావిడ.

మూడింటికి వచ్చారు. ఆకాశంలోంచి ఏడు గూడబాతులు బరువుగా దిగి, చెరువు మధ్యలో నీళ్ళ మీద కూర్చున్నాయి. గిన్నెల్లాంటి ముక్కులు నీళ్ళలో ముంచడం, తలెత్తి మింగడం. వాటిని కొట్టకూడదు, పట్టకూడదు. కొల్లేటి పక్షి మీద చెయ్యేస్తే కేసు. సత్తిరాజు గారికి మిగిలిన దారి అరవడం ఒక్కటే. రోజూ ఆయన చేసే పని అదేనని తర్వాత తెలిసింది.

ఆయన కుర్చీలోంచి లేచి గట్టు చివరికి వెళ్ళారు. అంతవరకూ ఉన్న మనిషి కాదు.

"ఏవండీ, నిన్ననే కదండీ చెప్పాను మీకు, చెప్పానా లేదా అండీ. ఆ గట్లన్నీ వాళ్ళు పేల్చేశారు. ఉన్న ఈ నాలుగు చేపలూ మీరు తినేస్తే నేనేం తినాలండీ. లేవండి. లేచి వెళ్ళండి మీరు."

ఆ మాటల్లో ఒక్క తిట్టు లేదు. గొంతు మాత్రం అవతలి గట్టు మీద గేదెలు తలలెత్తి చూసేటంతగా వచ్చింది. మొహం ఒకవైపు మొత్తం నోటి వెంట పరిగెత్తి పోతోంది. రెండోవైపు ఏమీ పట్టనట్టు, వచ్చిన అతిథుల్ని మర్యాదగా చూస్తున్నట్టు అలాగే ఉంది. పక్షులు కూడా ఏమీ పట్టించుకోలేదు. ఒకటి మాత్రం కొంచెం జరిగి, ఆయనకి దగ్గరగా వచ్చి కూర్చుంది.

మేత బస్తా మీద కాగితం పరుచుకుని రాజకుమారి గీసేసింది. గళ్ళు చూసుకోలేదు, ముడులు లెక్కపెట్టలేదు. ఆయన రెండోసారి ఊపిరి తీసుకునేలోపల నోరు, కన్ను, చెంప కాగితం మీదికి వచ్చేశాయి. చెయ్యి ఎటు పోతోందో ఆవిడకే తెలీలేదు. ఆయన ఆగేసరికి ఆవిడా ఆగింది.

సత్తిరాజు గారు రుమాలుతో నోరు తుడుచుకుంటూ వచ్చి, "బాగా వచ్చిందాండీ? లేకపోతే రేపు కూడా వస్తారండీ వాళ్ళు" అన్నారు.

బస్సులో ఆనంద్ పాల్ ఒకటే సంబరం. "అయిపోయినట్టే కదక్కా. ఇంక ఆ ఖాళీ సగమే కదా. అది నీకు చిటికెలో పని."

రాజకుమారి కూడా అలాగే అనుకుంది. ఇంటికెళ్ళి దీపం ముందు కూర్చుంటే చెయ్యి అరిచే సగాన్నే తిప్పి రెండోవైపు గీసేసింది. చెరిపింది. మర్నాడు సత్తిరాజు గారి కదలని చెంపని గుర్తు తెచ్చుకుని గీసింది. బాగానే వచ్చిందనుకుని చూస్తే చెంప మీద రెండు ఆకులున్నాయి. ఎప్పుడు వేసిందో తెలీదు. చెరిపింది. ఆ మర్నాడు ఆకుల బదులు చిన్న పువ్వు వచ్చింది. ఏమీ లేని చోటు కనపడితే ఆ చెయ్యి ఊరుకోదు. గడి ఖాళీ వదిలితే తప్పు అని ఇరవై ఒక్క ఏళ్ళు నేర్చుకున్న చెయ్యి అది. రబ్బరుతో రుద్ది రుద్ది ఆ వైపు కాగితం పల్చబడింది.

గడువు ఇంకో వారం ఉందనగా సత్తిరాజు గారే బస్సెక్కి ఏలూరు వచ్చారు. మేనల్లుడు పంపాడట. మాస్టారి గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని, "ఈసారి అరవక్కర్లేదటండీ" అన్నారు.

అలా అయిదు రోజులు ఆయన పొద్దున వచ్చి, మూడింటికి పక్షులొస్తాయని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయేవారు. రాజకుమారి ఆ కదలని చెంపని చూస్తూ కూర్చునేది. విశ్వాసం మాస్టారూ ఆయనా చేపల మేత గురించీ ఊలు ధర గురించీ మాట్లాడుకునేవారు. ఆవిడ ఒక గీత గీసేది, ఒక ఆకు చెరిపేది.

"ఎందుకమ్మా ఈ అవస్థ? ఆ సగం తిప్పేస్తే పోలా?" అని మాస్టారు ఒకరోజు అన్నారు.

"ఆయన మొహం అలా లేదు కదండీ మాస్టారూ."

"ఉన్నది ఉన్నట్టు గీయడం ఎప్పుడు నేర్చుకున్నావు?" అన్నారు మాస్టారు. ఆవిడ ఇంకో ఆకు చెరిపింది.

అయిదో రోజు రాజకుమారి దేన్నీ చెరపలేదు. పెన్సిలు పక్కన పెట్టి కాగితాన్ని మాస్టారి ముందు పెట్టింది. ఆయన భూతద్దం తీసి చూశారు. అరచేత్తో ఒక సగం మూసి చూశారు, రెండో సగం మూసి చూశారు. నడిమి గీత ఎక్కడుందా అని వేలితో వెతికారు.

"దీన్ని నెయ్యడం కుదరదమ్మా. తిప్పడానికి లేదు" అన్నారు, ఫిర్యాదు చేస్తున్నట్టు. భోజనం చేసొచ్చాక మళ్ళీ ఒకసారి చూస్తానని అడిగి తీసుకున్నారు.

బొమ్మని చరణ్‌తేజ వచ్చి తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రమే సింహాన్ని చెరిపేశాడు. సీడీలు అయిదు వందలు వచ్చాయి. అట్ట వెనక, బొమ్మ రాజకుమారి, ఏలూరు అని అచ్చువేశారు. ఉల్లిపాయల గోడౌనులోనే విడుదల చేశారు. వచ్చినవాళ్ళంతా ఏడ్చారు. అమ్ముడుపోయినవి నలభై ఒకటి.

మిగిలినవి సత్తిరాజు గారు తీసుకెళ్ళి చెరువు మీద దారాలు కట్టి వేలాడదీశారు. ఎండకి తళతళ మెరిస్తే గూడబాతులు బెదురుతాయని ఎవరో చెప్పారట. అవి బెదరలేదు గానీ చూసినవాళ్ళందరికీ ఆ ఉపాయం నచ్చింది. ఉండి చెరువుల వాళ్ళు పట్టుకెళ్ళారు. చింతలపూడి, కామవరపుకోట తోటల వాళ్ళు పిట్టలకీ ఎలకలకీ అని పట్టుకెళ్ళారు. పాట ఎవరూ వినలేదు. అట్టలు మాత్రం పాకల్లో, పంపుషెడ్లలో, దూలాలకి అతికించుకున్నారు. దిష్టికి బాగా పనిచేస్తుందని పేరొచ్చింది. ఒక్క వెంకటనరసమ్మ గారే ఇంట్లో పెట్టనివ్వలేదు. "నాకు రోజూ ఎదురుగా ఉన్నదే కదా" అన్నారు.

అట్టలతో పాటే కథ కూడా ఊరూరా తిరిగింది. కాంతం ఒకసారి గోడ మీంచి తల పెట్టి సూటిగానే అడిగింది.

"నిజం చెప్పవే రాజకుమారీ. నున్నటి సగం నీదే, చూస్తేనే తెలుస్తోంది. పనితనం అంతా అందులోనే ఉంది. ఆ అరిచేది ఎవరు గీశారు?"

రాజకుమారి బియ్యంలో రాళ్ళు ఏరుతూ కాంతం కుడి చెంప చూసింది, ఎడమ చెంప చూసింది. కాంతం తల కిందికి దించేసుకుంది.

అరిచే సగం రాజకుమారి ఉండికి ఇవతల చెరువు గట్టు మీద, మేత బస్తా ఆనుకుని, సత్తిరాజు గారి అరుపు ఆగేలోపల గీసింది. అందరూ ఆవిడదేనని ఒప్పుకునే నున్నటి సగానికి తొమ్మిది రోజులు పట్టింది. అందులో ఉన్న గీతలు మొత్తం పద్నాలుగు. తక్కినదంతా ఉత్త కాగితం.